నైసియాకు ముందే పాడిన పాట

మా ఊరి సంఘంలో నేను సండేస్కూలుకు వెళ్లే రోజుల్లో, త్రిత్వ ఆదివారం వచ్చిందంటే మా టీచరుగారు మూడు గాజు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో ఐసు ముక్క, మూడోదానిలో అప్పుడే కాచి పోసిన వేడినీళ్లు, వాటి మీద లేచే ఆవిరి. పదార్థం ఒక్కటే, రూపాలు మూడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వం కూడా అంతే అని ఆయన చెప్పేవారు. ఒక ఏడాది ఎండలు ముదిరి ఉన్నాయి, ఆరంభ ప్రార్థన కాస్త పొడవయింది, కళ్లు తెరిచేసరికి ఐసు కరిగిపోయింది, ఆవిరి అణగిపోయింది, బల్ల మీద మూడు గ్లాసుల మంచినీళ్లు మిగిలాయి. "అయితే కుమారుడు ఇప్పుడు తండ్రి అయిపోయాడాండీ?" అని అడిగాను. కూర్చోమన్నారు.

అల్లరికి అడిగిన ప్రశ్నే గాని, అది చాలా పాత ప్రశ్న అని నాకు ఎన్నో ఏళ్లకు గాని తెలియలేదు. ఒక్క దేవుడే ఒకప్పుడు తండ్రిగా, ఒకప్పుడు కుమారుడిగా, ఒకప్పుడు ఆత్మగా కనబడతాడనే బోధకు మూడో శతాబ్దపు ఆరంభంలో రోములో ఉండిన సబెల్లియస్ పేరు నిలిచిపోయింది. సంఘం అతణ్ణి వెలివేసింది. యొర్దాను నదిలో కుమారుడు నిలిచి ఉండగా, ఆకాశం నుండి తండ్రి స్వరం వినబడుతుండగా, ఆత్మ పావురంవలె దిగివచ్చిన ఆ ఒక్క సన్నివేశం ముందు గ్లాసుల పాఠం నిలవదు. అక్కడ ఒకరు మరొకరుగా మారలేదు, ముగ్గురూ ఒకే క్షణంలో ఉన్నారు. గెత్సేమనే తోటలో చెమట రక్తబిందువులవలె కారగా యేసు ప్రార్థించింది తనకు తానే అనుకుంటే ఆ రాత్రికి అర్థమే లేదు. సంఘం 1800 ఏళ్ల క్రితం వద్దన్న బోధను మనం ఇవాళ మంచి మనసుతోనే పిల్లలకు పాఠంగా చెబుతున్నాము.

ఆ గ్లాసులు మళ్లీ గుర్తుకు రావడానికి కారణం హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు. ఏదో వాదోపవాదాల వీడియో చూసి రాత్రి పదింటికి ఫోను చేశాడు. "మామయ్యా, యేసును దేవుణ్ణి చేసింది కాన్‌స్టంటైన్ చక్రవర్తేనట గదా? నైసియాలో ఓట్లు వేసి తేల్చారట గదా?" నేను ఏదో తడబడుతూ చెప్పాను, వాడు మర్యాదకు ఊకొట్టాడు. ఫోను పెట్టేశాక గాని సరైన జవాబు తట్టలేదు. ఆ రోమా చక్రవర్తి నైసియాలో కూర్చిన బిషప్పుల సభ యేసును దేవుణ్ణి చేయలేదు. అప్పటికే ఆయనను దేవుడని పాడుకుంటున్న జనం, తాము పాడుతున్నదానికి అర్థమేమిటని నిలదీసినప్పుడు చెప్పుకున్న జవాబే నైసియా.

నైసియా నేటి తుర్కియేలో ఇజ్నిక్ అనే చిన్న పట్టణం, సరస్సు ఒడ్డున ఉంటుంది. రోమా పాలనలో అది బితూనియ ప్రాంతంలోది. 325లో అక్కడ ఆ సభ కూడటానికి 200 ఏళ్లకు పైగా ముందే, 112 ప్రాంతంలో, ప్లినీ అనే రోమీయుడు ఆ బితూనియకు, పొంతుకు కలిపి గవర్నరుగా పనిచేశాడు. నైసియా ఊరివాళ్లు బోలెడు డబ్బు పోసి కడుతున్న నాటకశాల గోడలు పగుళ్లిచ్చాయని ట్రాజన్ చక్రవర్తికి ఫిర్యాదు రాసిన మనిషి ఇతడే. క్రైస్తవులను ఏం చేయమంటారో చెప్పండని అదే చక్రవర్తికి ఇతడు మరో ఉత్తరం రాశాడు. వాళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకొని, దేవుడికి పాడినట్టుగా క్రీస్తుకు ఒకరికొకరు మారుమారుగా కీర్తన పాడుకుంటారనీ, దొంగతనం చేయబోమని, వ్యభిచరించబోమని ఒట్టు పెట్టుకుంటారనీ విచారణలో తేలిందట. సంగతి రూఢి చేసుకోవడానికి సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించానని కూడా అతడు ఏ జంకూ లేకుండా రాసుకున్నాడు. ఆ ఇద్దరి పేర్లు ఎక్కడా లేవు. కాన్‌స్టంటైన్ ముత్తాత కూడా పుట్టని రోజుల్లో, నైసియా ఉన్న ఆ రాష్ట్రంలోనే, క్రీస్తును దేవుడని పాడినవాళ్లు ఉన్నారనడానికి సాక్ష్యం చెబుతున్నది క్రైస్తవుడు కాదు, క్రైస్తవులను శిక్షించిన అధికారి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రోములో పాలటైన్ కొండ మీద దొరికిన ఒక గోడగీతలో, సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చేయెత్తి నిలబడిన ఒక యువకుడు, "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు" అనే ఎగతాళి రాత ఉన్నాయి. అది సుమారు 200 నాటిదని అంచనా. ఇశ్రాయేలులో మెగిద్దో జైలు ఆవరణలో 2005లో తవ్వగా బయటపడిన ఒక ప్రార్థనా మందిరపు నేల మీద, అకెప్తూస్ అనే స్త్రీ "దేవుడైన యేసుక్రీస్తుకు" జ్ఞాపకార్థంగా బల్లను సమర్పించిందని రంగురాళ్లతో పేర్చి ఉంది. దాన్ని నైసియాకు దాదాపు వందేళ్ల ముందటిదిగా లెక్కగడుతున్నారు. వెక్కిరించేవాడు గోడ మీద గీసినా, నమ్మినావిడ నేల మీద పేర్పించినా విషయం ఒక్కటే.

ఇంకా వెనక్కి వెళితే పౌలు ఉత్తరాలు ఉన్నాయి, యేసు సిలువ మరణం తర్వాత పాతిక ముప్ఫై ఏళ్లలోపే రాసినవి. యూదుడైనవాడు పొద్దున, సాయంత్రం పలికే మాట "మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అన్నది. పౌలు ఆ మాట వింటూ పెరిగినవాడే. కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం 8వ అధ్యాయంలో అతడు ఆ మాటనే విప్పి, "ఒక్కడే దేవుడు" అన్న సగాన్ని తండ్రికీ, "ప్రభువు ఒక్కడే" అన్న సగాన్ని యేసుక్రీస్తుకూ చెబుతాడు. రెండో దేవుణ్ణి పక్కన చేర్చలేదు. ఆ ఒక్క దేవుడనే మాటలోపలే యేసుకు చోటు చూపాడు. యెషయా 45వ అధ్యాయంలో ప్రతి మోకాలూ నా ఎదుట వంగుతుందని యెహోవా ఒట్టు పెట్టుకొని చెప్పిన మాటను ఫిలిప్పీయులకు రాసిన ఉత్తరంలో "యేసునామమున" అని మార్చి రాయడం కూడా అలాంటిదే. ఇది గ్రీకు వేదాంతుల ప్రభావమని కొట్టిపారేయడానికి లేదు, ఎందుకంటే ఆ వాక్యాల బలమంతా హెబ్రీ లేఖనాలు తెలిసినవాడికే తగులుతుంది.

అంతమాత్రాన త్రిత్వ సిద్ధాంతం బైబిలులో వాక్యంగా రాసిపెట్టి ఉందని నేను అనను. మనవాళ్లు కొందరు ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు తెరిచి, పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురని యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ఉన్న వాక్యం చూపిస్తారు. అది పాత గ్రీకు ప్రతుల్లో లేదు. ఎరాస్మస్ అనే పండితుడు 1516లో అచ్చు వేసిన గ్రీకు నూతన నిబంధనలో దాన్ని చేర్చలేదు, గొడవ ముదిరాక 1522 నాటి ముద్రణలో చేర్చాడు. మన తెలుగు బైబిలులో అక్కడ ఆత్మయు, నీళ్లును, రక్తమును మాత్రమే ఉన్నాయి, అదే సరైన పాఠం. ఆ వాక్యం మీద త్రిత్వాన్ని నిలబెట్టేవాడు ఎదుటివాడి చేతికి కర్ర అందిస్తున్నాడు.

ఇక నైసియా సభ కూడటానికి కారణమైన అరియస్ సంగతి. మన ప్రసంగాల్లో అతడు దుష్టుడిగా ఒక్క వాక్యంలో వచ్చి పోతాడు, కాని అతడి వాదం అంత తేలిగ్గా పోయేది కాదు. అలెగ్జాండ్రియాలో పేరున్న పాదిరి, వయసు మళ్లినవాడు, నిష్ఠాపరుడు. దేవుడు ఒక్కడే, ఆయనకు మూలం లేదు, ఆయన విడిపోడు, మారడు. కుమారుడు "పుట్టాడు" అన్నారంటే ఆయనకు మూలం ఉన్నట్టే. మూలం ఉన్నవాడు మూలం లేనివాడితో సమానుడెలా అవుతాడు? సామెతల గ్రంథం 8వ అధ్యాయంలో జ్ఞానము "యెహోవా నన్ను కలుగజేసెను" అని చెప్పుకున్నది కదా? అందుచేత కుమారుడు అందరికంటే ముందు కలిగిన అత్యున్నతమైన సృష్టి, అంతేగాని దేవుడు కాడు. "ఆయన లేనిది ఒకప్పుడు ఉండింది" అన్నది అతడి పల్లవి. ఆ వాక్యంలో కాలం అనే మాట రాకుండా గ్రీకులో చాలా జాగ్రత్తగా అల్లాడు. ఈ బోధను నావికులు, తిరగలి విసిరేవాళ్లు, బాటసారులు పాడుకోవడానికి పాటలు కూడా కట్టాడట. మనవాళ్ల విసుర్రాయి పాటల బాణీలో వేదాంతం వినబడితే ఎంత వేగంగా పాకుతుందో ఊహించుకోవచ్చు.

అరియస్ లెక్క సరిపోతుంది, అందుకే అది నేటికీ ఆకర్షిస్తుంది. ఒకడు పైన, ఒకడు కింద, చిక్కు లేదు. చిక్కంతా ఆ లెక్కలో దేవుడికి మనతో ఉన్న సంబంధం ఏమవుతుందన్న చోట వస్తుంది. మా తాతగారు ఒక ఆసామి దగ్గర పాలేరుగా బతికారు. ఆసామికి మా పల్లెతో పని పడితే జీతగాణ్ణి పంపేవాడు; తాను మాత్రం జీవితంలో ఒక్కసారైనా మా వీధిలో అడుగు పెట్టలేదు. కబురు మంచిదే కావచ్చు, గింజలు పంపించి ఉండవచ్చు, కాని పంపినవాడు ఊళ్లోనే ఉండిపోయాడు. (పోలికలు చెడ్డవని మొదలుపెట్టి నేనే పోలిక చెబుతున్నానని తెలుసు, ఇది దేవుడి స్వభావానికి పోలిక కాదు, అరియస్ బోధకు పోలిక.) అరియస్ దేవుడు ఆ ఆసామి లాంటివాడు. ఎంత గొప్ప సృష్టినైనా పంపగలడు గాని తాను రాడు. ఫిలిప్పీయులకు రాసిన ఉత్తరంలో "దాసుని స్వరూపమును ధరించుకొని" అన్న మాటకు మా తాతగారి తరం కళ్లనీళ్లు పెట్టుకున్నది, ఒక దాసుడు దాసుడుగా వచ్చాడని కాదు. దేవుని స్వరూపము కలిగినవాడు వచ్చాడని. నైసియా సభకు అలెగ్జాండ్రియా బిషప్పు వెంట డీకనుగా వెళ్లి, తర్వాత తానే బిషప్పు అయిన అథనాసియస్ జీవితమంతా పట్టుకున్న వాదం సారాంశంలో ఇదే: కుమారుడు సృష్టి అయితే మనం సృష్టిని పూజిస్తున్నాము, పైగా మనల్ని రక్షించినవాడు మనలాగే రక్షణ పొందవలసినవాడు అవుతాడు.

సభకు దాదాపు 300 మంది బిషప్పులు వచ్చారు. సంప్రదాయం 318 అంటుంది. బైబిలులో ఏ పుస్తకాలుండాలో అక్కడే తేల్చారన్నది కట్టుకథ, ఆ చర్చే అక్కడ జరగలేదు. కుమారుడు తండ్రితో "ఒకే సారము గలవాడు" అని విశ్వాస ప్రమాణంలో రాశారు. గ్రీకులో ఆ మాట హోమోఊసియోస్. బైబిలులో లేని మాట అని సభలోనే చాలామంది నసిగారు, పైగా 268లో అంతియొకయ సభ మరొకడి నోట ఇదే మాటను తోసిపుచ్చిందని తర్వాతి తరం రచయితలే ఒప్పుకున్నారు. అయినా దాన్ని వాడవలసివచ్చింది, ఎందుకంటే బైబిలు మాట ఏది ముందు పెట్టినా అరియస్ పక్షంవాళ్లు దాన్ని తమ అర్థంలో ఒప్పుకుంటూ పోయారు. చివరికి అరియస్‌తో పాటు ప్రమాణానికి ఒప్పుకోక దేశబహిష్కారానికి వెళ్లిన బిషప్పులు ఇద్దరే. చక్రవర్తి ఎదుట కూర్చుని పెట్టిన సంతకాలన్నీ మనస్ఫూర్తిగా పెట్టినవేనని నేను వాదించను.

అయితే చక్రవర్తి బలంతో నెగ్గిందన్న మాట తర్వాతి చరిత్ర ముందు తేలిపోతుంది. సభ ముగిసిన మూడేళ్లలోపే అరియస్ పక్షానికి మళ్లీ ఆదరణ మొదలైంది. అథనాసియస్‌ను దేశం చివరనున్న ట్రియర్‌కు వెళ్లగొట్టింది కాన్‌స్టంటైనే. 337లో మరణశయ్య మీద ఆ చక్రవర్తికి బాప్తిస్మం ఇచ్చింది అరియస్‌ను వెనకేసుకొచ్చిన నికొమేదియ బిషప్పు యూసేబియస్. కాన్‌స్టంటైన్ కొడుకు కాన్‌స్టాంటియస్ చక్రవర్తి నైసియా మాటను తుడిచేయాలని సభ మీద సభ పెట్టించాడు. 359లో బిషప్పుల చేత బలవంతంగా సంతకాలు పెట్టించినప్పటి సంగతి తలచుకొని, లోకమంతా తాను అరియస్ పక్షమైపోయినందుకు మూలిగి ఆశ్చర్యపోయిందని ఆ కాలపు బైబిలు పండితుడు జెరోము రాశాడు. అథనాసియస్ ఐదుసార్లు, మొత్తం దాదాపు 17 ఏళ్లు ప్రవాసంలో గడిపాడు. రాజ్యాధికారం ఆ అరవై ఏళ్లలో ఎక్కువ భాగం అవతలి పక్షాన ఉంది. చివరికి 380లో థియొడోసియస్ చక్రవర్తి నైసియా విశ్వాసాన్ని శాసనంగా ప్రకటించిన మాట నిజమే, ఆ శాసనం నాకు గర్వకారణం కాదు. కాని అప్పటిదాకా దాన్ని బతికించింది శాసనం కాదు.

ఆ రోజుల్లో ఈ వివాదం ఎంత వీధిన పడిందో నుస్స ఊరి బిషప్పు గ్రెగోరి చెప్పిన ముచ్చట ఒకటుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో రొట్టె ధర ఎంతని అడిగితే, తండ్రి గొప్పవాడు కుమారుడు తక్కువవాడు అని జవాబు వస్తుందట. స్నానానికి నీళ్లు సిద్ధమా అంటే, కుమారుడు శూన్యం నుండి కలిగాడంటారట. మా మేనల్లుడి వీడియోల కింద జరిగే పోట్లాటలు ఏమంత కొత్తవి కావన్నమాట.

మాటల చిక్కు గ్రీకువాళ్లకే కాదు, తెలుగులో మనకు మరికాస్త ఎక్కువ. మన భాషలో వస్తువులైతే మూడు, మనుషులైతే ముగ్గురు. మూడు అంటే తండ్రి, కుమారుడు, ఆత్మ వస్తువులైపోతారు, సబెల్లియస్ గ్లాసులు మళ్లీ బల్ల మీదికి వస్తాయి. ముగ్గురు అంటే మూడు కంచాలు, మూడు పడకలు కళ్లముందు కదులుతాయి. "వ్యక్తి" అన్న మాట తీసుకుంటే ఇవాళ్టి వాడుకలో అది విడి మనిషి. మూలార్థంలోకి వెళితే వ్యక్తమైనది, బయటికి కనబడేది, అంటే మళ్లీ సబెల్లియసే. లాటిన్‌లో పెర్సోనా అన్న మాటకు ముసుగు అన్న అర్థం ఉండి అచ్చంగా ఇలాగే ఇబ్బంది పెట్టింది. ముగ్గురు ఏమిటి అని అడిగితే, ముగ్గురు వ్యక్తులు అంటాము, అది సరిపోతుందని కాదు, ఊరకుండలేక అంటాము అన్నాడు లాటిన్ వేదాంతి అగస్టీను. 362లో అలెగ్జాండ్రియాలో అథనాసియస్ ఈ మాటల దగ్గరే విడిపోయిన రెండు పక్షాల వాళ్లను కూర్చోబెట్టి, మాటలు వేరైనా మీరు చెప్పేది ఒక్కటే కదా అని ఒప్పించిన తీరు చూస్తే, ఆ మొండి మనిషి మాటల కోసం పోట్లాడలేదని తెలుస్తుంది.

త్రిమూర్తులతో పోల్చే హిందూ మిత్రులతో నేను వాదానికి దిగను గాని, తేడా మాత్రం చెబుతాను. సృష్టి, స్థితి, లయ అని పని పంచుకోవడం త్రిత్వంలో లేదు; సృష్టి కూడా తండ్రి నుండి, కుమారుని ద్వారా, ఆత్మయందు జరిగిందే. తెలుగు బైబిలులో మాత్రం నాకు ముచ్చటగా తోచే సంగతి ఒకటుంది. ద్వితీయోపదేశకాండంలో యెహోవాను "అద్వితీయుడు" అన్న అనువాదకులే, యోహాను సువార్తలో యేసును "అద్వితీయ కుమారుడు" అన్నారు. హెబ్రీలోను గ్రీకులోను అవి వేర్వేరు మాటలు, కాబట్టి దీన్ని రుజువుగా చూపకూడదు. కాని రెండోది లేనివాడు అన్న మాటను ఇద్దరికీ వాడి కూడా ఇద్దరు దేవుళ్లని అనకుండా సాగిపోవడం ప్రతి ఆదివారం మన నాలుకకు అలవాటైపోయింది.

"తండ్రి నాకంటె గొప్పవాడు" అన్న యేసు మాట, ఆ దినము కుమారునికి కూడా తెలియదన్న మార్కు సువార్త వాక్యం అడ్డుపడతాయని నాకు తెలుసు. వాటిని దాటవేసే బోధకులను నేను నమ్మను. నైసియాకు ముందటి రచయితల్లో కుమారుణ్ణి తండ్రి కంటే ఒక మెట్టు కింద నిలిపినట్టు మాట్లాడినవారు ఉన్నారు, జస్టిన్, ఓరిగెన్ వంటి పెద్దలే ఉన్నారు. 451లో కల్కెదోను సభ ఒక్క క్రీస్తులో దైవ స్వభావం, మానవ స్వభావం రెండూ కలిసిపోకుండా, విడిపోకుండా ఉన్నాయని చెప్పి ఈ వాక్యాలకు చోటు చూపింది: ఆకలిగొన్నది, అలసినది, తెలియదన్నది నిజమైన మనిషి. ఆ జవాబు నాకు సరిపోతుంది. అందరికీ సరిపోవాలని పట్టుబట్టను.

కిందటి త్రిత్వ ఆదివారం నాడు మా సండేస్కూలులో పాఠం నాకు అప్పగించారు. గ్లాసులు తీసుకెళ్లలేదు. ప్లినీ ఉత్తరం కథ చెప్పాను, ఆ ఇద్దరు బానిస స్త్రీల దగ్గర పిల్లలు నిశ్శబ్దమైపోయారు. అప్పుడు ఒక అమ్మాయి లేచి, "మరి ప్రార్థన ఎవరికి చేయాలండీ?" అని అడిగింది. దానికి నాకు తట్టినది విభక్తులే. 370లలో కైసరయ బిషప్పు బాసిల్ ఆరాధనలో ఒకసారి కుమారుని ద్వారా, ఆత్మయందు తండ్రికి మహిమ అని, మరోసారి కుమారునితో, ఆత్మతో కూడ తండ్రికి మహిమ అని పలికాడు. ద్వారా అనాలి గాని తో అంటావా, ముగ్గురినీ సమానం చేస్తావా అని తప్పుపట్టారు. జనం ఎప్పటినుండో ఆ రెండు విధాలుగానూ పాడుతున్నారని, తాను కొత్తగా ఏదీ తేలేదని అతడు ఒక ప్రత్యయం కోసం ఏకంగా ఒక పుస్తకం రాశాడు. 379లో కన్నుమూశాడు. రెండేళ్లకు, 381లో, కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మను గురించి ప్రమాణంలో వాక్యం చేర్చినప్పుడు, ఆత్మ దేవుడని గాని, ఒకే సారమని గాని రాయలేదు. తండ్రితోను కుమారునితోను కూడ ఆరాధింపబడేవాడని రాసింది. ఇది చెప్పి, చివరి ప్రార్థన చేయమని ఆ అమ్మాయినే పిలిచాను. ఆమె మొదట "ద్వారా" అని, ఒక క్షణం ఆగి, మళ్లీ "తో" అని ముగించింది.